బెత్తెడు

మెదిక దాటాక పట్టాలు మారతాయి.
మావి ఇరుకు, వాళ్ళవి వెడల్పు.
తేడా ఎనభై అయిదు మిల్లీమీటర్లు.
నాలుగు వేళ్ళు అడ్డంగా పెడితే సరి,
బెత్తెడు.

ఆ బెత్తెడుకే నాకు జీతం.
వచ్చిన వ్యాగన్‌ని జాకీలతో లేపి
కింద నుంచి ఇరుకు చక్రాలు లాగేసి
వెడల్పు చక్రాలు తోస్తాం.
పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని.
ఒకప్పుడు ఎరువులు, పలకరాళ్ళు,
ఒకసారి ఎవరిదో సర్కస్ సామాను.
ఇప్పుడన్నీ టార్పాలిన్ కప్పినవే.
కింద ఏముందో మేం అడగం.
బరువు మాత్రం జాకీకి తెలుస్తుంది.

పదకొండు వ్యాగన్లు ఆగి ఉన్నాయి.
ఇది నాలుగో రాత్రి.
చక్రాలు సిద్ధం, ఇంజను సిద్ధం.
రానిది ఒక సంతకం.

ఫోర్‌మన్ గ్నేవోమిర్ టీ ఊదుకుంటూ చెప్పాడు:
ఫిరంగులు చేసింది ఒక దేశం,
కొనుక్కుంది ఇంకో దేశం,
ఇచ్చేస్తానంటున్నది ఆ కొనుక్కున్న దేశమే,
అయినా చేసినవాళ్ళు సరేననాలి.
"అంటే, సొంత గొడ్డుని దానమివ్వాలన్నా
సంతలో అమ్మినవాడు తలూపాలా?" అన్నాను.
"కాగితంలో అలాగే రాసుకున్నారు హల్ష్కా" అన్నాడు.

రేడియోలో మంత్రులు
భుజం భుజం కలిపి నిలబడ్డామంటున్నారు.
చివరిదాకా అంటున్నారు,
ఏ చివరో చెప్పకుండా.
మొన్న వాళ్ళలో ఒకాయన ఈ దారినే వెళ్ళాడు.
కిటికీ తెర కాస్త జరిపి
మా నారింజ రంగు చొక్కాలకి చెయ్యి ఊపాడు.
గ్నేవోమిర్ కూడా ఊపాడు,
చేతిలో పానాతోనే.

అవతలి డ్రైవరు ఒరెస్త్
ఇంజనులోనే పడుకుంటున్నాడు.
కొడుకు ఫిరంగి దళంలో ఉన్నాడని
రెండో రోజు చెప్పాడు.
రోజుకి పది గుండ్లు లెక్కపెట్టి ఇస్తారని
మూడో రోజు చెప్పాడు.
ఇవాళ ఏమీ చెప్పలేదు.

మా మధ్య మేం ఎత్తని మాటొకటి ఉంది.
మా తాత పుట్టిన ఊరు అతని వైపుంది.
ఒక్క రాత్రిలో తగలబడింది, ఇప్పుడు చేను.
వాళ్ళ నాయనమ్మ పుట్టిన ఊరు నా వైపుంది.
సిపాయిలొచ్చి జనాన్ని బండ్లెక్కించారు, ఇప్పుడు అడవి.
ఆ అడవిలో ఆపిల్ చెట్లు ఇంకా కాస్తాయి.
చిన్నప్పుడు ఏరుకుని తిన్నాను,
అడవికి ఆపిల్ ఎవరు నాటారని
ఎవర్నీ అడగలేదు.

ఇంకోటి. ఒక చలికాలం ఈ పట్టాల మీదే
వాళ్ళ గోధుమలు పారబోసినవాళ్ళలో
మా బావ ఉన్నాడు.
ఊడ్చింది నేను.
ఒరెస్త్‌కి తెలుసో తెలియదో.

వియ్యానికైనా కయ్యానికైనా
సమవుజ్జీ ఉండాలంటారు.
ఇక్కడ ఒకడి ఇల్లు అంటుకుంది,
ఇంకొకడి పెరట్లో బావి ఉంది,
చేంతాడు మూడోవాడి దగ్గరుంది.
వాడేమో చెడ్డవాడు కాదు.
తాడు మూరేసి చూసుకుంటున్నాడు,
రేపు తన ఇల్లు అంటుకుంటే ఎలా అని.

మూడూ నలభైకి ఫోన్ మోగింది.
సంతకం వచ్చింది.
పదకొండులో ఏడింటికి.

"మిగతా నాలుగు?" ఒరెస్త్ అడిగాడు.
గ్నేవోమిర్ బూట్ల వైపు చూస్తూ అన్నాడు:
"ఫిరంగులకి అనుమతి. గుండ్లు వేరే దేశానివి.
వాటి కాగితం వేరు."

ఒరెస్త్ నవ్వాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి.
ఆ నవ్వు మళ్ళీ వినాలని లేదు నాకు.

తెల్లారేలోగా ఏడింటికీ చక్రాలు మార్చాం.
మంచు పట్టిన ఇనుము
చేతితొడుగు లోంచి కూడా కరుస్తుంది.
ఏడూ వెళ్ళిపోయాయి,
నోళ్ళు కట్టేసిన ఫిరంగులతో.

ఇక షిఫ్టు దిగాలి.
దిగలేదు.
మిగిలిన నాలుగింటినీ జాకీలతో లేపాను,
కాగితం లేకుండానే.
ఇరుకు చక్రాలు లాగేసి
వెడల్పువి కిందికి తోశాను.
దించలేదు. దించితే నేరం.
లేపి ఉంచడం గురించి
నిబంధనల్లో ఏముందో గ్నేవోమిర్‌కి కంఠస్థం.
కానీ అప్పుడే గుర్తొచ్చినట్టు
టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

నాలుగు వ్యాగన్లు గాల్లో ఉన్నాయి.
కింద చక్రాలు.
మధ్యలో ఖాళీ.
చెయ్యి పెట్టి చూశాను,
బెత్తెడు.